జానమ్మ కుట్టిన విమానం

జానమ్మ పోయిన మూడో రోజు ప్రార్థన కూడికలో పాస్టర్ గారు ఆమె గురించి మాట్లాడారు. మంచి భార్య అన్నారు. ఆదివారం చర్చి తప్పేది కాదన్నారు. జడ్చర్లలో ఆమె కుట్టిన జాకెట్టు తొడగని ఆడమనిషి లేదన్నారు. అన్నీ నిజమే. విమానాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చావింట్లో ఆటవస్తువుల మాటలు బాగుండవని అనుకున్నారేమో. ఆమే ఉంటే లేచి నిలబడి, "అయ్యగారూ, అసలుది మరిచిన్రు" అని ఉండేది. జానమ్మకు అణకువ తక్కువ. తన పని బాగా వస్తే బాగా వచ్చిందని తానే చెప్పేది. ఎదుటివాళ్ళ మెచ్చుకోలు కోసం కాచుకుని కూర్చోవడం ఆమెకు చేతకాదు.

ఇప్పటికి రెండేళ్ళయింది. ఆ రోజు ఎవరూ చెప్పనిది ఆమె భర్తనైన నేను రాస్తున్నాను.

మా ఇల్లు జడ్చర్లలో పాత బజారు వెనక. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ని. నా పేరు డానియల్ అయినా ఆమె నోట నేనెప్పుడూ 'పంతులు'నే. వీధి వైపు గది ఆమె కుట్టుగది. ఒక మిషను, గోడ పొడవునా కత్తిరింపు బల్ల, ఒక ఆవిరి ఇస్త్రీపెట్టె. డిసెంబరు వచ్చిందంటే ఆ బల్ల మీద జాకెట్టు గుడ్డలు ఒక పక్కకు జరిగి, వెదురు పుల్లలకూ రంగు కాగితాలకూ చోటిచ్చేవి. క్రిస్మస్ నక్షత్రాలు చేయడం ఆమె తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన ఏడాదంతా క్వారీలో రాళ్ళు కొట్టే కూలి మనిషి. డిసెంబరులో మాత్రం వెదురు చీల్చేవాడు. చీల్చిన పుల్లను పెదవుల మధ్య పెట్టి లాగి, ఎక్కడ గరుకు తగిలితే అక్కడ మళ్ళీ గీకేవాడట. చట్రం కట్టి, మైదాపిండి లైతో కాగితం అతికించి, నోట్లో నీళ్ళు పట్టి తుంపరగా ఊదేవాడు. తడిసిన కాగితం ఆరుతున్నకొద్దీ ముడుచుకుని డప్పు తోలులా బిగుసుకునేది. ఆ నక్షత్రాన్ని దండేనికి వేలాడదీసి గాలికి ఆరనివ్వడం వాళ్ళింటి పద్ధతి. జానమ్మ అందులో పిసరంత కూడా మార్చేది కాదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు డిసెంబరులో, మా గుమ్మానికి వేలాడుతున్న ఎర్ర నక్షత్రం దగ్గర ఒక పెద్దమనిషి ఆగాడు. మడత చెదరని తెల్లచొక్కా, మెరిసే బూట్లు. గోటితో కాగితం మీద మెల్లగా కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"పలగ్గొట్టకుర్రి సారూ" అంది జానమ్మ మిషను మీంచి తలెత్తకుండానే.

"పలగ్గొడ్తలేను బిడ్డా. బిర్రు ఎంతున్నదో చూస్తున్న. ఎవలు జేసిన్రు దీన్ని?"

"నేనే. జడ్చర్లల గిట్ల చేసేటోళ్ళు ఇంకొకలు లేరు."

"నువ్వు చెప్పకున్నా కాయిదమే చెప్తాంది" అని నవ్వాడాయన.

అలా రామచంద్రయ్య మా ఇంట్లోకి వచ్చాడు. గొర్లకాపరుల ఇంట్లో పుట్టి, కుర్రతనంలోనే ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, విమానాల రెక్కలూ తోకలూ బాగుచేసే పనిలో వయసంతా గడిపాడు. భార్య భద్రమ్మ చనిపోయాక ఒంటరిగా వచ్చి మా వెనక సందులో కిరాయికి దిగాడు. మర్నాడు ఒక రేకుపెట్టె మోయించుకొచ్చి మా బల్ల మీద తెరిచాడు. లోపల అన్నీ చిన్న చిన్న విమానాల కిట్లు.

బాల్సా అనే కట్టెతో చేస్తారు వాటిని. చేతిలో పెడితే ఉన్నదో లేదో తెలియనంత తేలిక కట్టె. పటం మీద పరిచి, ముక్కలు కోసి అతికిస్తే పక్షి అస్థిపంజరంలాంటిది తయారవుతుంది. దాని మీద పల్చటి కాగితం కప్పాలి. పొట్టలో ముక్కు నుంచి తోక దాకా ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. ముందున్న పంకాను తిప్పి రబ్బరుకు మెలి ఎక్కించి వదిలితే, ఆ మెలి విడిపోయేదాకా విమానం ఎగురుతుంది. వదిలాక మన చేతిలో ఇక ఏమీ ఉండదు.

"కట్టె పని ఎట్లనో చేస్తున్న" అన్నాడు రామచంద్రయ్య. "కాయిదం కాడికొచ్చేసరికి చేతులు వణుకుతున్నయి. చినిగిపోతాంది."

"ఇడిశిపెట్టి పోర్రి సారూ. పొద్దుగల్లకు మీ పిట్టకు తోలు తొడుగుత."

తొడిగింది కూడా. లై పూసి, కాగితం పరిచి, తుంపర ఊది, నాయిన నేర్పినట్టే దండేనికి వేలాడదీసింది. పొద్దున చూస్తే కాగితం బిర్రుగా, బిగుతుగానే ఉంది. రెక్కలే ఎండిన కందికాయ తొక్కల్లా మెలి తిరిగాయి. వెదురు చట్రం కాగితం లాగుడుకు తట్టుకుని నిలబడుతుంది. బాల్సా తట్టుకోలేదు. నక్షత్రాలు చేసే ఇంటి బిడ్డ తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

అయినా ఎగరేసి చూద్దామన్నాడు రామచంద్రయ్య. ఊరి బయట, హైవే పక్కన ఒక వెంచర్ ఉంది. అమ్ముడుపోని ప్లాట్లు, తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు, ఎవరూ నడవని తారురోడ్లు, ముందు ఒక పెద్ద కమాను. రామచంద్రయ్యకు తమ్ముడి కొడుకు వరసయ్యే మల్లేశ్ అక్కడ మేకలు మేపేవాడు. విమానం వదిలిన క్షణమే బొంగరంలా తిరిగి నేరుగా పోయి ఒక మేకపోతు డొక్కలో గుచ్చుకుంది. పోతు ఎగిరి రెండు ప్లాట్ల అవతల పడింది.

"జానక్కా! నా పోతుకు బీమా లేదే!" అని మల్లేశ్ కర్ర ఎత్తి అరిచాడు.

"నీ పోతు దిష్టే తగిలిందిరా! నా విమానం ముక్కు పలిగింది, దానికెవడిస్తడు బీమా?" అని ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది.

రామచంద్రయ్య హద్దురాయి మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఇంటికి వస్తూ దారిలో, కాగితం ఆరేదాకా రెక్కను గుండుసూదులతో బల్లకు బిగించి ఉంచాలని చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదని జానమ్మ అడిగింది.

"నువ్వు చెప్పనిస్తివా బిడ్డా? జడ్చర్లల నీ అంతటోళ్ళు లేరంటివి."

జానమ్మ విరిగిన ముక్కును కొంగులో చుట్టుకుని గబగబా ముందు నడిచింది. ఆ రాత్రి అన్నం తింటూ నాతో, "సారు మంచోడే గానీ నోరు జర ఎక్కువ" అంది.

రెండో విమానానికి కాగితం కప్పి, కత్తిరింపు బల్లకే గుండుసూదులతో బిగించింది. ఒక మొన చిన్నగా వంకర పోతే ఆవిరి ఇస్త్రీపెట్టెను దూరంగా పట్టి, ఆవిరి తగిలిస్తూ వేళ్ళతో సరిచేసింది. నీలం కాగితంతో చేసిన ఆ విమానాన్ని ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున వదిలారు. అది మొదటి వలయం మా తల మీద తిరిగింది. రెండోది కమాను మీద తిరిగింది. నేల నుంచి లేచే వేడిగాలి దొరికిందేమో, రబ్బరు మెలి అయిపోయినా కిందికి దిగలేదు. మెల్లమెల్లగా హైవే దాటి, ఫ్యాక్టరీల వైపు పోయి, చుక్కంతై, మాయమైంది.

రామచంద్రయ్య మాత్రం సంతోషంగా చేతులు దులుపుకున్నాడు. "పోయిందంటే మంచి ఇమానమని లెక్క. మంచియే పోతయి."

జానమ్మకు అది మింగుడుపడలేదు. "పోవుడేంది సారూ? నేను కుట్టిన జాకెట్ రెండిండ్ల అవతల ఎవలన్న ఏసుకుంటే నాకు కనవడ్తది. గిదేం పని, చేసుడు, ఇడుసుడు, పోగొట్టుకునుడు?"

"రబ్బరు ఇమానం అంతే బిడ్డా. తిరిగొచ్చుడు దాని రాతల లేదు."

"లేకపోతే మనం రాద్దాం" అంది.

ఆ మాట వినగానే రామచంద్రయ్య ఇంటిదారి పట్టాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, రేకుపెట్టెలో అన్నిటికన్నా అడుగున, చీర ముక్కలో చుట్టిన ఒక అట్టపెట్టె తీసి చూపించాడు. మూత మీద పసుపుపచ్చ విమానం బొమ్మ. బెంగళూరులో ఉన్న రోజుల్లో భద్రమ్మ కొన్నదట. ఇంగ్లీషు రాని మనిషి, ఒక్కతే దుకాణానికి పోయి, అద్దం వెనక ఉన్న బొమ్మకు వేలు చూపించి, ఆ పసుపుపచ్చది కావాలని తెచ్చింది. అప్పటికే ఆయన ఎన్నో విమానాలు చేసి గాలికి వదిలి పోగొట్టుకున్నాడు. పెట్టె చేతిలో పెడుతూ ఆమె ఒక్క మాట అందట, గిదన్న పోగొట్టకుర్రి అని.

"గందుకే ఇప్పిలేదు" అన్నాడు రామచంద్రయ్య. "చేస్తే ఎగరెయ్యాలె. ఎగరేస్తే పోతది. చెయ్యకుంటే పెట్టెలనే ఉంటది." చీర ముక్క మళ్ళీ చుడుతూ, "తిరిగొచ్చేటట్టు చేస్తే చెప్పు. అప్పుడిస్త" అన్నాడు.

జానమ్మ ఆ పెట్టె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరైనా పెళ్ళిబట్టలు నమ్మి కుట్టమని చేతిలో పెట్టినప్పుడు చూసే చూపు అది.

తిరిగి రావాలంటే విమానం లోపల మన మాట వినేదేదో ఉండాలి. పెద్ద విమానాలకు రేడియో కంట్రోలు పెట్టేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారని రామచంద్రయ్యకు తెలుసు. ఫోను చేస్తే వాళ్ళు, జానెడు రబ్బరు విమానానికి రేడియో ఏమిటి, మోయలేదు, రెడీగా అమ్మే థర్మోకోల్ విమానం కొనుక్కోండి అన్నారు. జానమ్మ విని, "సరే, కొనుర్రి" అంది. ఆయన ఆశ్చర్యపోయాడు. థర్మోకోల్ విమానం పార్సిల్‌లో రాగానే, ఆమె దాన్ని ఒక్కసారైనా ఎగరేయకుండా కత్తెరతో పొట్ట కోసింది. గోరంత మోటారు, సోడా సీసా మూతంత బ్యాటరీ, చేతిలోని రేడియో పంపే మాట అందుకునే పలక, ఆ పలకకు అటూ ఇటూ కదిలే రెండు చిన్న చేతులు బయటికి వచ్చాయి.

"కాకి పేగులు తీసి పిచ్చుకకు పెట్టుడే" అంది.

అంత సులువేం కాలేదు. రామచంద్రయ్య పేగుల సంగతి చూశాడు, ఆమె పిచ్చుక సంగతి చూసింది. మూడో కిట్టు తీసుకుని, రబ్బరు పట్టీ, దాని కొక్కేలు తీసేశారు. తోకలో నిలువుగా ఉండే పలకనూ, అడ్డంగా ఉండే పలకనూ వెనక అంచున కోసి కదిలేటట్టు చేయాలి. కోసిన ముక్కను ఆమె దారంతో తురుపాయి కుట్టింది, ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు. తలుపు బందులా మడత పడేది, ఊడేది కాదు. ఆ ముక్కలను లాగడానికి ఇనుపతీగ బరువైతే నక్షత్రాలకని గీకి పెట్టుకున్న వెదురు పుల్ల వాడింది. చక్రాలకు చొక్కా గుండీలు. బ్యాటరీ పెట్టే అరకు మూత, మూతకు టిచ్ బటన్. బరువు చూడడానికి బజారులో అవుసుల కాటమయ్య దగ్గరికి పోయింది. బంగారం తూచే తక్కెడలో ఆమె కట్టె ముక్కలు, గుండీలు పెడుతుంటే కాటమయ్య కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు.

"వదినా, గిదేం ఆభరణం?"

"రెక్కలున్న ఆభరణం. నువ్వు చెయ్యలేవులే, తూచు."

ఎగరేసే రోజుల్లో విసిరే పని నాది. అందులోనూ నాకు తిట్లే. "పంతులూ, రాయి ఇసిరినట్టు కాదు, పద్యం ఇడిశినట్టు ఇడువు" అనేది. మొదటిసారి విమానం ముక్కు పైకెత్తి, నిలబడి, తోక మీద కూలింది. లై మందంగా పూయడంతో తోక బరువెక్కిందని తేలింది. నక్షత్రానికి కూడా తోక ఉంటుంది, దాని బరువు ఎవరు చూస్తారు? తోక కాగితం పీకేసి, లైని నీళ్ళలా పల్చన చేసి మళ్ళీ అతికించింది. బ్యాటరీని ముక్కులోకి జరిపి, రెక్కల కింద రెండు వేళ్ళ మీద నిలబెడితే ముక్కు కొంచెం కిందికి వంగేదాకా సరిచేసింది. ఆ తర్వాత విమానం ఎగిరింది. చక్కగా ఎగిరింది. తిరిగి రావడమే రాలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు రేడియో మీద కుడికి నొక్కితే కుడికే పోతుంది. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు మాత్రం కుడికి నొక్కితే మన ఎడమకు పోతుంది, దాని కుడి అదే కనుక. పంపడం అందరికీ వస్తుంది. రప్పించేటప్పుడు చేతులు మోసం చేస్తాయి. రామచంద్రయ్య ప్రయత్నించి ఒక తుమ్మచెట్టుకు తగిలించాడు. నేను హద్దురాయికి కొట్టాను. జానమ్మ వారాల తరబడి పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి విరిచి తెచ్చి, అతికించి, మళ్ళీ విరిచింది.

మల్లేశ్ మేకల మధ్య నిలబడి, "అక్కా, పోయేటప్పుడు కోడలు లెక్క పోతాంది, వచ్చేటప్పుడు అత్త లెక్క వస్తాంది గదనే నీ ఇమానం" అన్నాడు. ఆమె నవ్వలేదు. విరిగిన ముక్కలు ఏరుకుంది. వెనక్కి రాకపోతే ఆ పసుపుపచ్చ పెట్టె ఎప్పటికీ తెరుచుకోదు.

ఒక సాయంత్రం బడిలో నాతో పనిచేసే ఉమారాణి టీచరు జాకెట్టు కొలతకు వచ్చింది. ఆమెకు ఒక భుజం కొంచెం వాలుగా ఉంటుంది. జానమ్మ టేపు పట్టుకుని ఎదురుగా నిలబడి, "కుడి బుజం జర ఒదులు పెట్టాలె" అంటూ తన ఎడమ చేతిని చాచి, చాచిన చోటే ఆగిపోయింది. తర్వాత పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. టీచరు బెదిరిపోయింది.

"పంతులూ!" అని కేకేసింది. నేను లోపలి నుంచి వచ్చాను. "చూడు. టీచరమ్మ నాకెదురుంగ ఉన్నది. ఆమె కుడి నాకు ఎడమ చేతికొచ్చింది. ఇన్నేండ్ల సంది ఎదురుంగ నిలవెట్టే కొలుస్తున్న గద, ఒక్క జాకెట్ల తప్పు వోయిన్నా? ఇమానం కూడ నాకెదురుంగ వస్తున్న మనిషే! గింత చిన్న ముచ్చట..."

"నన్ను కొలుస్తున్నవా, ఇమానాన్ని కొలుస్తున్నవా?" అంది ఉమారాణి.

మర్నాడు వెంచర్‌కు పోయేటప్పుడు ఆమె మెడలో కొలత టేపు వేసుకుంది. ఎందుకంటే, మెడలో టేపు ఉంటే చేతులకు వాటంతట అవే తెలుస్తాయట. నిజంగానే తెలిసింది. విమానం దూరంగా పోయి, తిరిగి, ముఖం మాకు పెట్టి వచ్చింది. ఆమె వేళ్ళు తడబడలేదు. తారురోడ్డు మీద గుండీ చక్రాలు టకటకమంటూ దొర్లి, ఆమె చెప్పులకు అర గజం దూరంలో విమానం ఆగింది. జానమ్మ చుట్టూ చూసి, ఎవరూ చప్పట్లు కొట్టడం లేదని తానే కొట్టుకుంది.

రామచంద్రయ్య మాట నిలబెట్టుకున్నాడు. చీర ముక్క విప్పి పసుపుపచ్చ పెట్టె బల్ల మీద పెట్టాడు. పెట్టి, చెయ్యి తీయలేదు.

"పోతే మల్ల దొరకదు బిడ్డా."

"ఎరుకే సారూ. గ్యారంటీ అడగకుర్రి. నేను జాకెట్‌కు గ్యారంటీ ఇస్త, గాలికి ఇయ్య."

ఆయన చెయ్యి తీశాడు. మూడో విమానం పేగులు తీసి ఇందులో పెట్టారు.

వాళ్ళిద్దరికీ ఒకే ఒక్క తగువు వచ్చింది, రంగు గురించి. ఆమె రెక్కల పైన పసుపు కాగితం కప్పి, కింద నక్షత్రాల ఎర్ర కాగితం పెడతానంది. "భద్రమ్మ పసుపుపచ్చదే కావాలన్నది" అని ఆయన మొండికేశాడు.

"పైన పసుపే సారూ. కింద అస్తరు, జాకెట్‌కు లోపలేసే గుడ్డ లెక్క. అస్తరు లేకుంట నేను ఏదీ కుట్ట. బట్టకైన ఇమానానికైన సీదా ఏదో ఉల్టా ఏదో దూరం కెల్లి ఎర్కవడాలె."

"అస్తరంటున్నవా?" అని ఆలోచించి, "అస్తరంటే ఆమె కూడ ఒప్పుకునేదేలే" అన్నాడు.

మరుసటి ఏడు శివరాత్రి దాటిన వారంలో ఒక పొద్దున ఎగరేశాం. మల్లేశ్ మేకలను రోడ్డు అవతలికి తోలాడు. ఉమారాణి టీచరు వచ్చింది. అవుసుల కాటమయ్య కూడా దుకాణం మూసి వచ్చాడు, తాను తూచిన ఆభరణం చూడాలట. జానమ్మ మెడలో టేపు సర్దుకుంది. నేను పద్యం వదిలినట్టే వదిలాను.

అంత అందమైన దాన్ని నేను ఆకాశంలో చూడలేదు. లేత ఎండ ఆ పల్చటి కాగితం గుండా పడి, లోపలి పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఆమె దాన్ని మా ముందు రెండుసార్లు ఇటూ అటూ తిప్పింది. రామచంద్రయ్య తల దానితో పాటే తిరుగుతోంది. అంతలో మల్లేశ్, "అక్కా, గద్దలు" అన్నాడు. కమాను పక్కన మూడు నాలుగు గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా పైకి లేస్తున్నాయి. అక్కడ వేడిగాలి లేస్తోందని అర్థం. పసుపుపచ్చ విమానం సరిగ్గా అందులోకే పోయింది.

గాలి దాన్ని అరచేతిలో పెట్టుకున్నట్టు పైకెత్తింది. ఆమె మోటారు ఆపేసింది. అయినా లేస్తూనే ఉంది. హైవే వైపు జరుగుతూ గద్దలకన్నా చిన్నదైంది. ముఖం అటుందో ఇటుందో తెలియడం లేదు. నీలం విమానం పోయిన దారే అది. రేడియో మాట వినిపించే దూరం దాటితే ఇక అంతేనని అందరికీ తెలుసు.

రామచంద్రయ్య హద్దురాయి మీద కూర్చుండిపోయాడు. చూపు దించుకుని బూట్ల వైపు చూస్తూ, "నేనే ఇప్పిన పెట్టె" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు.

"సారూ, జర సప్పుడు చెయ్యకుర్రి" అంది జానమ్మ.

ఆమె కుడికి కొంచెం నొక్కింది. దూరాన ఆ చుక్క ఎర్రగా మెరిసింది. అస్తరు కనబడింది, అంటే పొట్ట చూపించి అటు తిరుగుతోంది. వెంటనే ఎడమకు నొక్కింది. ఎరుపు పోయింది. ఏమీ కనబడలేదు. తర్వాత పసుపు మెరిసింది. వీపు మాకు చూపిస్తూ మా వైపు వాలుతోందన్నమాట.

"సీదా వడ్డది" అంది మెల్లగా. ఆ పసుపును అలాగే పట్టి ఉంచింది, గుడ్డ జారకుండా బొటనవేలితో అదిమినట్టు. చుక్క పిట్టంతైంది. గద్దంతైంది. కమాను దాటి ఇవతలికి వచ్చింది. ఇప్పుడది ఆమెకు ఎదురుగా వస్తున్న మనిషి. ఆమె పెదవులు కదులుతున్నాయి, నేను పక్కన ఉండడంతో వినబడింది. "దాని కుడి నా ఎడమ. దాని ఎడమ నా కుడి. రా తల్లీ, కొలత తీస్త రా."

చివర్లో గాలి ఒకసారి పక్కకు తోసింది. ఒక రెక్క వాలింది. ఆమె వేలు వాలిన వైపే పోయి రెక్కను లేపింది. తారురోడ్డు మీద ఒకసారి ఎగిరిపడి, ఒక గుండీ ఊడిపోయి, కుంటుతూ కుంటుతూ వచ్చి రామచంద్రయ్య బూటు దగ్గర ఆగింది.

మల్లేశ్ గొంతు చించుకుని ఈల వేశాడు. కాటమయ్య నా వీపు మీద చరిచాడు, నేనేదో చేసినట్టు. జానమ్మ చప్పట్ల కోసం చూడలేదు. ఈసారి ఆమె ఆయన వైపే చూస్తోంది.

రామచంద్రయ్య వంగి విమానాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. పైన పసుపు చూశాడు, తిప్పి కింద ఎరుపు చూశాడు. ఇక దాన్ని చీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టుకుంటాడని నేను అనుకున్నాను. ఇంటికి తీసుకుపోవడానికి నా సంచి కూడా తెరిచి పట్టుకున్నాను.

ఆ తర్వాత జానమ్మ చాలా విమానాలు చేసింది. పానగల్ నుంచి సుమన అనే సైన్సు టీచరు వచ్చి మా బల్ల దగ్గర నాలుగు రోజులుండి నేర్చుకుని పోయింది. మోయలేదని ఫోనులో చెప్పిన హైదరాబాదు వాళ్ళే కారులో వచ్చి, ఆ తురుపాయి కుట్టును ఫోటోలు తీసుకున్నారు. ఆమె వాళ్ళకు ఛాయ్ పోసి, "మోస్తదని ఇప్పుడు ఒప్పుకున్నరా?" అని అడిగి ఒప్పించి పంపింది. అవన్నీ నాకు గర్వమే. కానీ ఎవరైనా మీ జానమ్మ ఏం చేసిందని అడిగితే, నేను చెప్పేది ఆ పొద్దున సంగతే.

రామచంద్రయ్య నా సంచి వైపు చూడలేదు. విమానాన్ని ఆమె చేతికి అందించాడు.

"మల్ల ఇడువు బిడ్డా."

"పోతదేమో సారూ."

"పోతే పోనియ్యి. నువ్వు తెస్తవు గద."

జానమ్మ మెడలోని టేపు తీసి ఒకసారి దులిపి మళ్ళీ వేసుకుంది. "జర ఆగుర్రి మరి, బ్యాటరీ మార్చాలె" అని టిచ్ బటన్ విప్పింది.